బళ్ళారి రాఘవ: రంగస్థలము, చలనచిత్రము

బళ్ళారి రాఘవాచార్యులుగారి కీర్తి రంగస్థలముపై నార్జింపబడినది. వారు నటించిన చలనచిత్రములు మూడే. అయినను నటనమునుగూర్చి వారికి గల దృష్టి నెరుగగోరువారు ఆ మూడింటిని ఉపేక్షింపరాదు.

వీరు 1880 ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించిరి. ఆంధ్రనాటక పితామహులని పేర్గాంచిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు వీరి మేనమామ. ఆనాడు బళ్ళారిలో ధర్మవరమువారి సరసవినోదినీ సభకును, కోలాచలము శ్రీనివాసరావుగారి సుమనోరమ సభకును స్పర్ధ యుండెడిది. రాఘవ మేనమామ నీడలోనే నిలిచిపోలేదు. కోలాచలమువారి విజయనగర పతనమున పఠాన్ రుస్తుం పాత్రను ధరించి ప్రసిద్ధులైరి. వృత్తిచే వీరు న్యాయవాదులు; ప్రభుత్వపక్షమున ప్రాసిక్యూటరుగా పనిచేసిరి. నాటకము వీరికి జీవనోపాధి కాకపోవుట సామాన్యవిషయము కాదు. సభికుల మెప్పునకై తలయొగ్గవలసిన యగత్యము అందువలననే వీరికి లేకపోయెనని తోచును.

ఏలయన, ఆ కాలపు తెలుగు రంగమున పద్యమునకే పట్టాభిషేకము. నటుడు పద్యమెత్తుకొని రాగమును సాగదీయుటయు, సభ వన్సుమోరులు కొట్టుటయు, అంతలో మరణించిన పాత్ర లేచి నిలిచి ఆ పద్యమునే మరల పాడుటయు నాడు వింత గాదు. రాఘవ దీనికి విముఖులు. హరిశ్చంద్రుడైనను, దుర్యోధనుడైనను, హిరణ్యకశిపుడైనను, పాత్రయొక్క మనోవికారము వాచికమునందును, చూపునందును, మౌనమునందును వ్యక్తము కావలెనని వీరి మతము. షేక్స్పియరు నాటకముల నాంగ్లముననే ప్రదర్శించిన యభ్యాసము ఈ దృష్టికి తోడ్పడియుండును. ఐరోపా యాత్రలో బెర్నార్డ్ షాను సందర్శించిరి.

స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుబట్టుట వీరి రెండవ పోరాటము. పురుషులు చీరకట్టి మెప్పొందుచున్న దినములలో కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని, కాకరాల కమలాదేవి మున్నగువారిని తమ సరసన రంగమెక్కించిరి. నిందకు వెరవకుండ నిలిచిన ఆ స్త్రీల సాహసమును గూడ ఇచట స్మరింపవలెను.

1936లో ద్రౌపదీ మానసంరక్షణమున దుర్యోధనుడుగా వీరు తెరపైకి వచ్చిరి. అదే కథతో ద్రౌపదీ వస్త్రాపహరణ మా యేడే వెలువడెను; అందు యడవల్లి సూర్యనారాయణ దుర్యోధనుడు. పోటీలో రాఘవగారి చిత్రమే ఓడినది. రాగాలాపనను నిరసించిన నటునికి పౌరాణిక చిత్రము తగిన తావు కాదేమో! గూడవల్లి రామబ్రహ్మముగారి రైతుబిడ్డ (1939) వేరు. జమీందారీ పీడనమును చూపిన ఆ చిత్రమునకు జమీందారులు అడ్డుతగిలిరి. కొన్నియెడల ప్రదర్శనలు నిషిద్ధములైనవి. ఇందు నర్సిరెడ్డి యను రైతుపాత్ర వీరిది. కిరీటము లేదు, గద లేదు. రంగమున తాము కోరిన సహజత్వమునకు ఇచటనే చోటు దొరకినది. చండిక (1940) తరువాత వీరు మరల తెరపై కానరాలేదు.

1946 ఏప్రిల్ 16వ తేదీన రాఘవ దివంగతులైరి. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినది. వీరి పేరిటి కళామందిర మా నగరముననే వెలసినది.