మొలకాయ్ దీవిలో ఆటలు నేర్పిన సహోదరుడు

సహోదరుడు జోసెఫ్ డట్టన్ గురించి మీరు విన్నారా? ఆయన అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన సైనికుడు. యుద్ధం తరువాత తాగుడుకు బానిసై కొన్నేళ్లు పాడుచేసుకున్నారు. 1883లో కతోలికుడై, పాపాలకు ప్రాయశ్చిత్తంగా 1886లో హవాయిలోని మొలకాయ్ దీవికి వెళ్లి, కుష్ఠురోగుల మధ్య సేవచేస్తున్న పునీత డేమియన్ గురువులకు తోడయ్యారు. 1889లో గురువులు పరమపదించారు. తరువాత బాల్డ్విన్ గృహంలోని బాలుర భారం డట్టన్‌గారే మోశారు. వ్యాధి వల్ల కన్నవారికి దూరమైన ఆ పిల్లల పుండ్లు కడిగి కట్లు కట్టారు. ఆ చేతులతోనే బేస్‌బాల్ కూడా ఆడించారు. మైదానంలో వారు రోగులు కారు, ఆటగాళ్లు! సుమారు 44 ఏళ్లు సేవచేసి 1931లో ప్రభువులో నిద్రించారు.

తల్లిదండ్రులారా, మీ విచారణలో జబ్బువల్లనో, అవిటితనంవల్లనో ఆటకు దూరంగా నిలబడే బిడ్డ ఉన్నదా? ఈ ఆదివారం పూజ ముగిశాక ఆ బిడ్డనూ ఆటకు పిలవమని మీ పిల్లలకు చెప్పండి.