ప్రకృతి వైద్యుడు గాంధీ

గాంధీ అంటే మనకి ఉప్పు సత్యాగ్రహం, రాట్నం గుర్తొస్తాయి. ఆయన ఇంట్లో వాళ్లకి స్వయంగా ప్రకృతి వైద్యం చేసేవారని మనలో చాలామందికి తెలీదు.

1869లో పోరుబందరులో పుట్టి, లండన్‌లో లా చదివి, దక్షిణాఫ్రికాలో ప్రాక్టీస్ పెట్టారు. జర్మనీవాడైన లూయీ కూనే చెప్పిన నీటి చికిత్స మీద ఆయనకి బాగా గురి. కూనే పుస్తకాన్ని 1894లోనే ద్రోణంరాజు వెంకటాచలపతి శర్మ గారు తెలుగులోకి తెచ్చారు కూడా.

1902లో బొంబాయిలో ఉండగా, పదేళ్ల కొడుకు మణిలాల్‌కి టైఫాయిడ్ వచ్చింది. న్యుమోనియా లక్షణాలు కూడా కనిపించాయి. డాక్టరు గుడ్లు, కోడి సూప్ పెట్టమన్నారు. శాకాహారి గాంధీ ఒప్పుకోలేదు. మూడు నిమిషాలు మించకుండా తొట్టి స్నానం, మూడు రోజులు నీళ్లు కలిపిన నారింజ రసం. అయినా జ్వరం 104కి చేరింది. తడి దుప్పటి చుట్టి, పైన కంబళి కప్పారు. ఆ రాత్రి చెమట పట్టింది. నలభై రోజులకి పిల్లాడు కోలుకున్నాడు.

ఇందులో నాకు నచ్చిన విషయం వేరే ఉంది. నాడి, ఊపిరితిత్తులు పరీక్షించడం తనకి రాదని, అప్పుడప్పుడూ వచ్చి చూసి వెళ్లమని ఆ డాక్టర్నే గాంధీ అడిగారు. తగ్గాక కూడా అది తన వైద్యం గొప్పే అని చెప్పుకోలేదు.

తర్వాత జోహాన్నెస్‌బర్గ్‌లో పొట్ట మీద మట్టి పట్టీలు వేసుకున్నారు. కానీ 1924లో ఎరవాడ జైల్లో అపెండిసైటిస్ వస్తే, పుణె సాసూన్ ఆస్పత్రిలో ఆపరేషన్‌కి ఒప్పుకున్నారు. అయినా ప్రకృతి వైద్యాన్ని వదల్లేదు. 1946లో ఉరుళీ కాంచన్‌లో పల్లె జనం కోసం చికిత్సాలయం మొదలుపెట్టారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు.

మాది పలాస వైపు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఇంకా తేలలేదు. అందుకే ఎవరు ఏ రసం తాగమన్నా జనం ఆశపడతారు. మా కొబ్బరి తోటల్లో చేతికందే బొండం నీళ్లు అందరికీ మంచివే అనుకుంటాం. కానీ వాటిలో పొటాషియం ఎక్కువ. బాగా దెబ్బతిన్న కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. రక్తంలో పేరుకుంటే గుండెకే ప్రమాదం.

నడక, మితంగా తినడం, ఎండ, మంచి గాలి, వీటిని గాంధీ దగ్గర నేర్చుకుందాం. పరీక్ష చేసేవాళ్లని పిలవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకుందాం. సెలవులకి ఇంటికెళ్తే, పలాసలోనో టెక్కలిలోనో అమ్మానాన్నలకి క్రియాటినిన్ టెస్ట్ చేయించండి. ఏ రసమైనా ఆ రిపోర్టు డాక్టరుకి చూపించాకే.