మధురరాజ్యమును కాపాడిన రాణి మంగమ్మ

శ్రీరంగక్షేత్రమును సేవించిన యాత్రికులు, రంగనాథుని ఆలయమున ప్రదక్షిణము చేయునపుడు, అద్దముల మందసములో నిలువెత్తు రాజమూర్తులు కొన్నింటిని చూచియే యుందురు. చేతులు జోడించి నిలిచిన ఆ ప్రభువు మధుర నాయకరాజులలో ఇంచుమించు కడపటివాడగు విజయరంగ చొక్కనాథుడు. ప్రక్కనున్నవారు ఆయన కుటుంబమువారు. ఆయన గొప్ప భక్తుడు. ఒకసారి స్వామివారి ఉత్సవసేవకు వేళ మించి వచ్చి, మరుసటి యేడు ఆ ఉత్సవము వచ్చువరకును శ్రీరంగముననే నిలిచిపోయెనని అచటివారు చెప్పుకొందురు. తెలుగున శ్రీరంగమాహాత్మ్యము, మాఘమాహాత్మ్యము అను వచనగ్రంథములను కూడ ఆయన రచించెను.

ఆ మూర్తులకు నమస్కరించి ముందుకు సాగిపోవుదుము. కాని ఆ ప్రభువునకు రాజ్యము నిలిపి యిచ్చిన చేయి ఎవరిదో అడుగువారు అరుదు. ఆయన తల్లికడుపున నుండగనే తండ్రి గతించెను. పుట్టిన నాలుగు దినములకే తల్లియు గతించెను. అట్టి పసికందును ఒడిలో నుంచుకొని, నలువైపుల శత్రువులు పొంచియుండగా, 1689 మొదలు 1706 వరకు పదునేడేండ్లు మధురరాజ్యమును పాలించిన ఆ వృద్ధమాత రాణి మంగమ్మ. తమిళులు ఆమెను మంగమ్మాళ్ అందురు. ఆమె తెలుగింటి ఆడుబిడ్డయే.

మంగమ్మ తండ్రి తుపాకుల లింగమనాయకుడు. ఆయన మధురాధిపతియగు చొక్కనాథనాయకుని కొలువున సేనానాయకుడు. చొక్కనాథుడు 1659లో పట్టమునకు వచ్చి, కొలదియేండ్లకే రాజధానిని మధురనుండి తిరుచిరాపల్లికి మార్చెను. కావున మంగమ్మ గృహిణిగా, రాణిగా, పాలకురాలుగా గడపినదంతయు ముఖ్యముగా కావేరీతీరముననే. ఏటి కావలిగట్టున శ్రీరంగము. ఉదయమున లేచినచో రంగని గోపురములు కనులబడు చోటు.

ఆమె భర్త పరిపాలనము సుఖమైనది కాదు. తంజావూరి విజయరాఘవనాయకుని కుమార్తెను చొక్కనాథుడు కోరుట, ఆయన నిరాకరించుట, 1673లో యుద్ధము సంభవించుట ఆంధ్రసాహిత్యము చదివినవారికి తెలిసిన కథయే. ఆ యుద్ధమున విజయరాఘవుడు నేలకొరగెను. శత్రువుల చేతికి చిక్కరాదని అంతఃపురస్త్రీలు ప్రాణములు విడిచిరి. రఘునాథరాయలనాటి కవిత్వము, సంగీతము విలసిల్లిన ఆ నగరు ఒక్కదినమున శ్మశానమయ్యెను. గెలిచిన చొక్కనాథునకైనను ఏమి దక్కినది? తంజావూరు రెండుమూడేండ్లలోనే మహారాష్ట్రుల వశమయ్యెను. మైసూరువారు పడమటి సీమలను కబళించిరి. ఒక దశలో సొంత తమ్ముడే ఆయనను తొలగించెను. రుస్తుంఖానుడను సాహసికుడు రెండేండ్లు తిరుచిరాపల్లిని తన గుప్పిట నుంచుకొనెను. 1682లో చొక్కనాథుడు కుమిలి కుమిలి కన్నుమూసెను.

నాటి రాచకులములలో భర్తతో చితి నెక్కుట గొప్పగా నెంచబడినది. మంగమ్మ ఆ పని చేయలేదు. కుమారుడు రంగకృష్ణ ముద్దువీరప్ప పదునైదేండ్ల బాలుడు. రాజ్యము చీలికలు పేలికలై యున్నది. పోయినవారి వెంట పోవుటకంటె ఉన్నవానిని నిలువబెట్టుట కష్టమని ఎరిగియే ఆమె నిలిచినదని నా తలంపు.

ఆ కుమారుడు పౌరుషవంతుడు. అతనిగూర్చి ఒక కథ చెప్పుదురు. ఢిల్లీ పాదుషా ఔరంగజేబు తన పాదరక్ష నొకదానిని ఏనుగుపై నెక్కించి, ఛత్రచామరములతో పంపగా, దారిలోని రాజులందరును ఎదురేగి మ్రొక్కవలసి యుండెనట. రంగకృష్ణుడు కొలువుకూటమున ఆ చెప్పులో తన కాలుపెట్టి, మీ పాదుషాకు మతి చలించినదా, రెండవదానిని పంపక ఒక్కటే యేల పంపెనని పరిహసించి, వచ్చినవారిని కొట్టించి తరిమెనట. వినుటకు ఎంతయో సంతోషము కలిగించు కథ. కాని అట్టి శూరుడు 1689లో మశూచికము సోకి పిన్నవయసుననే మరణించెను. కోడలు ముత్తమ్మ అప్పటికి నిండుచూలాలు. ఆమె భర్తతో సహగమనము చేయుదునని పట్టుపట్టగా, కడుపులోని బిడ్డనుజూపి మంగమ్మ ఎట్లో ఆపగలిగెను. ప్రసవమైన నాలుగవనాడు ఆమె వారింపను వీలులేకుండ తనువు చాలించెను. అత్తగారు అడ్డుపడకున్నచో ఆ శిశువే లేడు, నేడు శ్రీరంగమున మనము చూచు ఆ మూర్తియు లేదు.

మంగమ్మ తాను సింహాసనమెక్కలేదు. పసివానికే పట్టముగట్టి, వాని పేరిట రాజ్యము నడపెను. నందిగ్రామమున పాదుకలకు పట్టముగట్టి, రాజ్యభారమును తాను మోసిన భరతుడు మనకు గుర్తునకు వచ్చును. అయితే భరతునకు పదునాలుగేండ్ల గడువు తెలిసియుండెను. రాముడు వచ్చునన్న నమ్మకముండెను. ఈ అవ్వకు ఆ రెండును లేవు.

కుమారుడు పాదుషా చెప్పును ఈసడించెనని చెప్పితిని. తల్లి ఆ పాదుషాకే కప్పము కట్టెను. జుల్ఫికర్ ఖానుడు మొగలుసేనలతో దక్షిణమున దిగియుండగా, అతనికి కానుకలు పంపి, పాదుషా అధికారము నంగీకరించి, మొగలుల దండు తన రాజ్యముమీదికి రాకుండ చూచుకొనెను. దీనిని పిరికితనమనువారు కలరు. నేను పడుచుతనమున అట్లే తలచితిని. జింజికోట చుట్టు మొగలుసేనలు ఏండ్ల తరబడి విడిసి, 1698లో దానిని పట్టుకొనిన వృత్తాంతమును తరువాత చదివి ఆ అభిప్రాయమును మార్చుకొంటిని. కప్పము పొలముపంటలో కొంతభాగము. దండు వచ్చినచో పొలమే పోవును.

అట్లని ఆమె యుద్ధమునకు వెనుదీసినది కాదు. ఆమెకు దళవాయి నరసప్పయ్య యను సమర్థుడు కుడిభుజమై యుండెను. తిరువాన్కూరు బకాయిపడిన కప్పమును అతడు 1697లో దండెత్తిపోయి రాబట్టెను. తంజావూరివారు తిరుచిరాపల్లి సీమను దోచుచుండగా, కొల్లిడము రేవును దాటి వారి సీమలోనికే చొచ్చి, ధనమిచ్చి సంధిచేసికొనునట్లు చేసెను. రామనాథపురపు సేతుపతితో 1702లో జరిగిన పోరు మాత్రము కలిసిరాలేదు. అందు నరసప్పయ్య మడిసెను. ఆ లోటు తరువాత తీరలేదు.

వీనియన్నిటికంటె నాకు మిక్కిలి చెప్పదగినదిగా తోచునది కావేరి కథ. మైసూరునేలిన చిక్కదేవరాయలు పరమవైష్ణవుడు. అయినను ఆయన కావేరికి ఎగువను ఆనకట్ట కట్టించి నీటిని నిలిపివేసెను. దిగువను మధురసీమకు, తంజావూరిసీమకు నీరు కరవయ్యెను. శ్రీరంగమును రెండు పాయలుగా చుట్టి పారు కావేరి ఇసుకతిన్నెయైనచో ఎట్లుండునో, తులామాసమున అచట మునిగిన యాత్రికులు ఊహింపవచ్చును. మడులు ఎండినవి. స్వామి తిరుమంజనమునకు వచ్చు నదియే వట్టిపోయినది. నిన్నటిదాక కత్తులు దూసికొన్న తంజావూరు, మధురలు ఆ కరవున ఒక్కటియైనవి. మంగమ్మ పగను ప్రక్కకునెట్టి, తంజావూరి శాహజీతో చేయికలిపి, మైసూరుపై దండెత్తుటకు సన్నాహము చేసెను. సేనలు కదలకమున్నే పైసీమలో పెనువాన కురిసి, వరద వచ్చి, ఆ కట్ట తెగిపోయెను. నీరు తిరిగివచ్చెను. ఇది రంగనాథుని సంకల్పమని అచటివారు తలచినచో కాదనువారెవరు? కాని పగవాని గడపకు పోయి సాయమడిగిన వితంతువు తెగువయు మరువరాదు.

ధర్మకార్యములలో ఆమె పేరు నేటికిని జనుల నోట నున్నది. మధురనుండి దక్షిణమున కన్యాకుమారివైపు సాగిన బాట, ఆ బాటకిరుప్రక్కల చెట్లు, నడుమనడుమ చలిపందిళ్లు, సత్రములు ఆమె పెట్టించినవే. రామేశ్వరమునకు, కన్యాకుమారికి నడచిపోవు బాటసారికి ఆ నీడ ఎంతటిదో, నడచినవారికే తెలియును. మధురలో ఆమె పేరిట సత్రము కలదు. ఈ దానములకు జనులొక కారణము చెప్పుదురు: ఒకనాడు ఆమె పరాకున ఎడమచేత తాంబూలము నోటవేసికొనెననియు, ఆ దోషమునకు ప్రాయశ్చిత్తముగా చెట్లు నాటించి సత్రములు కట్టించెననియు. తాంబూలమునకు ఇంత ప్రాయశ్చిత్తము ధర్మశాస్త్రమున నెచటను నేను చూడలేదు. చేయదలచినవారికి సాకు ఏదైనను చాలును గదా!

ఆమె మనవారికి మాత్రమే మేలుచేసినది కాదు. తిరుచిరాపల్లిలోని నత్తరువలీ దర్గాకు 1701లో గ్రామదానము చేసెను. సేతుపతి చెరలో చిక్కిన మెల్లో అను క్రైస్తవ పాదిరిని విడిపించెను. అదే సేతుపతిసీమలో 1693లో జాన్ డి బ్రిట్టో అను పాదిరిని చంపిరి. అట్టికాలమున ఆమె తన నగరమున ఎవరి దేవుని వారు కొలుచుకొననిచ్చెను.

ఇక ఆమె తుదిదినములు. మనుమడు యుక్తవయస్కుడయ్యెను. రాజ్యమప్పగించుటలో ఆలస్యమైనదని కొందరు ఆతనికి నూరిపోసిరట. మంగమ్మకును ఆమె మంత్రికిని కళంకము కూడ కట్టిరి. ఆమెను మధురలోని నగరిలో బంధించి, కంటికి కనబడునట్లు, చేతికందనట్లు అన్నము పెట్టించి, ఆకలితో చంపిరని జనశ్రుతి. నెల్సను దొర 1868లో ప్రచురించిన మధురమండల చరిత్రలోనికి కూడ ఈ కథ ఎక్కెను. తరువాతి చరిత్రకారులు దీనికి నమ్మదగిన ఆధారము లేదనిరి. నేనును నమ్మను, నమ్మలేకకాదు, నమ్ముటకు మనసొప్పక. శ్రీరంగమున ఒక సేవకై ఏడాది కాచుకొన్నవాడు, తన్ను పాలుపోయించి పెంచిన అవ్వను అట్లు చేసియుండునా? అయినను 1706లో రాజ్యము చేతులు మారుట ప్రశాంతముగా జరిగియుండదని ఆ కథ పుట్టుకయే తెలుపుచున్నది. అధికారమును ఇతరుని పేరిట మోయువారికి, దించు వేళ యేదో చెప్పువారుండరు.

విజయరంగ చొక్కనాథుడు 1732 వరకు రాజ్యము చేసెను. క్షేత్రములు తిరిగెను, అగ్రహారములిచ్చెను, భక్తిగ్రంథములు వ్రాసెను. బొక్కసము క్షీణించినను, దండు జీతములు నిలిచినను ఆయన చింతింపలేదందురు. ఆయనకు కుమారులు లేరు. రాణి మీనాక్షి కొన్నియేండ్లు పాలించి, చందాసాహెబు ప్రమాణమును నమ్మి మోసపోయి, విషముతీసికొని మరణించెను. దానితో మధుర నాయకరాజ్యము ముగిసెను.

తిరుచిరాపల్లిలో నాయకరాజుల నగరిలోని కొలువుకూటము నేటికిని రాణి మంగమ్మ మహలు అను పేరుతో నిలిచియున్నది. అందు ప్రభుత్వ వస్తుప్రదర్శనశాల కలదు. మధురలోని తముక్కము ఆమె విహారభవనమని ప్రతీతి. అందు 1959నుండి గాంధీస్మారక ప్రదర్శనశాల నెలకొనియున్నది. మీనాక్షీదేవి ఆలయమునకు పోవు యాత్రికులు పొట్రామరై కొలని గట్టుననున్న ఊంజలు మండపమున తలయెత్తి చూతురుగాక. కప్పుమీది చిత్రములలో అమ్మవారి పట్టాభిషేకము కలదు. అచటనే మంగమ్మయు, మనుమడు విజయరంగ చొక్కనాథుడును ఒకేచోట చిత్రింపబడియున్నారు.