చిత్తుకాగితానికి పునర్జన్మ: మాథియాస్ కూప్స్ కథ

పరీక్షలు అవగానే మన నోట్సులన్నీ ఏమవుతాయి? తూకానికి వేసేస్తాం. ఆ కట్ట మళ్ళీ అట్టపెట్టెగానో, కాగితంగానో మన దగ్గరికే రావచ్చని ఎవరూ ఆలోచించరు. వాడిపారేసిన కాగితాన్ని కడిగి మళ్ళీ తెల్లకాగితం చేయడాన్ని ఒక పరిశ్రమగా నిలబెట్టాలని చూసి, అప్పుల్లో మునిగిపోయినవాడు మాథియాస్ కూప్స్.

కూప్స్ సొంత ఊరు బాల్టిక్ సముద్రతీరాన ఉన్న పొమరేనియా ప్రాంతం. తర్వాత లండనులో స్థిరపడ్డాడు. ఆ రోజుల్లో యూరప్‌లో కాగితానికి ముడిసరుకు పాతగుడ్డలే. పేలికలను నానబెట్టి, దంచి, గుజ్జు చేసేవారు. పుస్తకాలు, పత్రికలు పెరిగాయి గానీ పేలికలు ఆ లెక్కన దొరకలేదు. ఇంగ్లండు వాటిని బయటి దేశాల నుంచి కొనుక్కునేది. యుద్ధకాలంలో వాటి ధర మండిపోయింది.

జర్మనీలో గోటింగెన్‌కు చెందిన న్యాయశాస్త్ర ఆచార్యుడు జస్టస్ క్లాప్రోత్ 1774లోనే అచ్చుకాగితం నుంచి సిరా వదిలించే పద్ధతిని ఒక చిన్న పుస్తకంలో వివరించాడు. అది ప్రయోగంగానే మిగిలింది. కూప్స్ దాన్ని వ్యాపారంలోకి దించాడు. 1800లో రాసిన, అచ్చువేసిన కాగితాల సిరా తీసి గుజ్జు చేయడానికి ఒక పేటెంటు, గడ్డి, కర్ర వంటివాటితో కాగితం చేయడానికి మరొకటి పొందాడు. లండనులో బెర్మాండ్సీ దగ్గర నెకింజర్ మిల్లులో పని మొదలుపెట్టాడు.

జనం నమ్మొద్దూ? అందుకని కాగితం చరిత్ర మీద తనే ఒక పుస్తకం రాశాడు. 1800 నాటి మొదటి కూర్పును గడ్డికాగితం మీద అచ్చువేయించి మూడో జార్జి రాజుకు అంకితమిచ్చాడు. 1801 నాటి రెండో కూర్పుకు చిత్తుకాగితం నుంచి తీసిన కాగితం వాడాడు. దాని అనుబంధాన్ని కర్రతో చేసిన కాగితం మీద వేశాడు. వాదన, రుజువు రెండూ పాఠకుడి చేతిలోనే పెట్టాడన్నమాట!

తర్వాత మిల్‌బ్యాంక్ దగ్గర భారీ మిల్లు కట్టించాడు. అప్పులు తీరే దారి కనబడలేదు. కంపెనీ దివాలా తీసింది, 1804లో మిల్లు వేలానికి వచ్చింది. పెట్టుబడి పెట్టినవాళ్ళూ నష్టపోయారు. కూప్స్ పేరు కూడా మరుగున పడింది.

మరి ఆయన లెక్క తప్పా? కాదు. అచ్చుసిరాలో ఉండేది నూనె, మసి. క్షారం నూనెను విడగొడితే మసి ఊడివస్తుంది, నార మాత్రం నిలుస్తుంది. ఆ నారలోని పదార్థాన్ని ఫ్రాన్సులో ఆన్సెల్మ్ పాయెన్ 1838లో వేరుచేశాడు. తర్వాత దానికి సెల్యులోజ్ అనే పేరు స్థిరపడింది. కర్రను అరగదీసి గుజ్జు తీసే యంత్రం కెల్లర్ చేతిలో 1840లలో వచ్చింది. ఇవేవీ లేనప్పుడే కూప్స్ సరైన దారి పట్టాడు.

ఇవాళ మిల్లుల్లో కాస్టిక్ సోడా, సబ్బు, గాలిబుడగలతో సిరా తీస్తున్నారు. తిప్పిన ప్రతిసారీ నార కొంత పొట్టిదవుతుంది. సుమారు 5 నుంచి 7 సార్ల తర్వాత కాగితానికి పట్టు చాలదు. అలాంటి పొట్టి నార కోడిగుడ్ల ట్రేలకు పనికొస్తుంది. చిత్తుకాగితంలోని సెల్యులోజ్ నుంచి కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్ వంటి రసాయనాలు కూడా తీయవచ్చు. తడి, నూనె, ప్లాస్టిక్ కలిస్తే మాత్రం పని చెడుతుంది. కాబట్టి మిత్రులారా, కూప్స్ మీద గౌరవముంటే కాగితాన్ని చెత్తబుట్టలో కలపకుండా, పొడిగా, విడిగా ఉంచండి. అంతవరకూ మన చేతిలో పనే!