జముకు పట్టిన సుబ్బారావు పాణిగ్రాహి

పలాస వైపు నుంచి హాస్టలుకొచ్చిన వాళ్లం సుబ్బారావు పాణిగ్రాహి పేరు చిన్నప్పటి నుంచీ వింటున్నాం. విన్నదంతా ఆయన చావు గురించే. ఆయన పాట గురించి చెప్పేవాళ్లు తక్కువ. అందుకే ఈ సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాం.

పాణిగ్రాహి ఇంటి భాష ఒరియా. ఉద్దానంలోని బొడ్డపాడులో గుడి పూజారి. పూజ చేసుకుని బతకగలిగిన మనిషి కూలీల కష్టం చూసి కమ్యూనిస్టు ఉద్యమంలోకి వచ్చారు. రాసింది మాత్రం తెలుగులో, అదీ కూలి జనానికి అర్థమయ్యే తెలుగులో. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరిగిన సవర, ఒరియా తమ్ముళ్లకు అదెంత కష్టమో చెప్పనక్కర్లేదు.

ఆయన ఎంచుకున్నది జముకుల కథ. తెలియని తమ్ముళ్ల కోసం చెబుతున్నాం. జముకు ఒకవైపు తోలు మూసిన చిన్న వాద్యం. తోలు మధ్య నుంచి వచ్చే తీగను ఒక చేత్తో బిగించి, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. ఉత్తరాంధ్రలో ఎల్లమ్మ కథ దీని మీదే చెప్పేవారు. ఒకరు కథ నడిపితే పక్కవాళ్లు వంత పాడతారు. పాణిగ్రాహి ఆ వరస, ఆ దరువు అలాగే ఉంచి కథ మార్చారు. దేవత ఉన్న చోటికి కూలీ, భూస్వామి, వడ్డీ వ్యాపారి వచ్చారు. వరస ముందే చెవికి తెలిసినది కాబట్టి జనం కథ మీదే మనసు పెట్టేవారు. చదువు రాని ఊరికి కరపత్రం ఇస్తే ఏం లాభం?

జమైకాలోనూ ఇలాంటిదే ఉంది. ఒకే వాయింపు మీద పదిమంది పది పాటలు పాడతారు, దాన్ని రిడిమ్ అంటారు. 2002లో లెంకీ మార్స్‌డెన్ కట్టిన ఒక వాయింపు పేరు దివాలీ, మన పండగ పేరే! దాని మీద షాన్ పాల్ పాడిన పాట 2003లో అమెరికాలో మొదటి స్థానానికి వెళ్లింది. ఆ పాట మన సెల్‌ఫోన్లలో మోగుతుంది. జముకు మోగదు.

1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్నలను భూస్వాముల వైపు వాళ్లు కాల్చి చంపారు. ఆ తర్వాత ఉద్యమం తుపాకీ పట్టింది. 1969 మేలో బొడ్డపాడు పంచాది కృష్ణమూర్తిని పోలీసులు చంపారు. ఆ డిసెంబరులో రంగమటియా కొండల్లో పాణిగ్రాహి, కృష్ణమూర్తి భార్య నిర్మల, మరికొందరు చనిపోయారు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు. పట్టుకుని కాల్చారని ఉద్యమం వాళ్లు అంటారు. భూస్వాముల వైపూ ప్రాణాలు పోయాయి. ఆ దారి గురించి మా రూములో ఒకే మాట లేదు, రాత్రంతా వాదించుకున్నాం. ఆయన పాట గురించి మాత్రం వాదన రాలేదు.

బొడ్డపాడులో అమరుల స్తూపం ఉంది. పేర్లు అక్కడ చదువుకోవచ్చు, జముకు మీటడం నేర్చుకోలేం. సంక్రాంతికి ఊరెళ్లే తమ్ముళ్లూ, మీ ఊళ్లో జముకు వాయించిన ముసలివాళ్లు ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఉంటే సెల్‌ఫోన్లో రికార్డు చేసి తీసుకురండి.