జఫర్ జంగ్ గారి టెలిస్కోపు

మా హాస్టల్ టెర్రస్ ఎక్కితే హైటెక్ సిటీ వైపు ఆకాశం రాత్రిపూట కూడా బూడిద రంగులోనే ఉంటుంది. కానీ అంగారకుడు భూమికి దగ్గరగా వచ్చిన రోజుల్లో ఆ లైట్లన్నీ దాటుకుని ఎర్రగా కనిపిస్తాడు. ఔత్సాహికులు టెలిస్కోపుకి కెమెరా తగిలించి వీడియో తీస్తారు. గాలి కదలికకి బొమ్మ వణుకుతుంది కదా, అందుకని వేల ఫ్రేముల్లోంచి స్పష్టమైనవి సాఫ్ట్‌వేర్‌తో ఏరి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక్క ఫొటో చేస్తారు. ఇవేవీ లేని రోజుల్లో మన ఊళ్లో ఈ పిచ్చి ఎవరికుండేది అని వెతికితే నవాబ్ జఫర్ జంగ్ దొరికారు.

ఆయన నిజాం రాజ్యంలో సంపన్న ప్రభువు. ఇంగ్లండులో చదువుకున్నారు. ఖగోళశాస్త్రం ఆయన ఉద్యోగం కాదు, ఇష్టం. డబ్లిన్‌లోని గ్రబ్ కంపెనీ చేసిన 15 అంగుళాల టెలిస్కోపు కొన్నారు. లెన్సు వెడల్పే 38 సెంటీమీటర్లు! 1901లో ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల మొదలుపెట్టారు. సొంత డబ్బుతో కట్టినా దానికి తన పేరు పెట్టుకోలేదు. నిజాం మహబూబ్ అలీఖాన్ అనుమతి తీసుకుని నిజామియా అన్నారు. తన తర్వాత ప్రభుత్వమే దాన్ని నడపాలని కోరుకున్నారు.

1907లో ఆయన చనిపోయారు. 1908లో ప్రభుత్వం వేధశాలను తీసుకుంది. మొదటి డైరెక్టర్ చాట్‌వుడ్ దాన్ని బేగంపేటకి మార్చారు. అక్కడ 8 అంగుళాల కెమెరా టెలిస్కోపుతో ఆకాశాన్ని గాజుపలకల మీదకి ఎక్కించారు. ప్రపంచంలోని పలు వేధశాలలు పంచుకుని చేస్తున్న నక్షత్రాల పట్టికలో హైదరాబాద్‌కీ వాటా వచ్చింది. 1918 నుంచి టి.పి. భాస్కరన్ ఆ పని ముందుకు నడిపారు. ఒక్కో చుక్క స్థానం కొలిచి, దశాబ్దాల పాటు రాసి, 7 లక్షలకు పైగా నక్షత్రాలను లెక్కకెక్కించారు. మన భాషలో చెప్పాలంటే చేత్తో చేసిన డేటా ఎంట్రీ!

మరి ఆ పెద్ద గ్రబ్ టెలిస్కోపు? బేగంపేటలో అది పనిలోకి వచ్చింది 1922లో, కొన్నాయన పోయిన 15 ఏళ్లకి. ఇంకో రెండేళ్లకి, 1924 ఆగస్టులో, అంగారకుడు భూమికి 5 కోట్ల 58 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చాడు. అంత దగ్గరగా రావడం చాలా అరుదు. అప్పటికి జఫర్ జంగ్ లేరు. ఆయన టెలిస్కోపు మాత్రం ఉంది.

పోయిన సెమిస్టర్‌లో మా ప్రాజెక్టు రిపోర్టులో ఎవరి పేరు ముందుండాలని మేం నలుగురం వారం రోజులు మాట్లాడుకోలేదు. ఇది చదివాక ఆ గొడవ గుర్తొచ్చి సిగ్గేసింది.

రాయదుర్గంలో మెట్రో ఎక్కితే అదే లైనులో బేగంపేట వస్తుంది. ఆ ఆవరణలో ఇప్పుడు సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్ ఉంది. ఈసారి అటు వెళ్తే, గేటు మీద లేని ఆ పేరుని ఒక్కసారి తలుచుకోండి.