చెరసాలలో దీపం – ఎలిజబెత్ ఫ్రై

చెరసాలలో ఉన్నవారిని దర్శించడం ప్రభువు మనకు అప్పగించిన పరిచర్యలలో ఒకటి. ఆ పరిచర్యకు జీవితాన్ని అర్పించిన స్త్రీలలో ఎలిజబెత్ ఫ్రై అగ్రగణ్యురాలు. అయితే ఆమె దర్శించడంతోనే ఆగలేదు. ఉరికంబం ఎక్కబోయేవారిని ఓదార్చినంత మాత్రాన సరిపోదనీ, ఉరితీసే శాసనాన్నే ప్రశ్నించాలనీ ఆమె చేదు అనుభవం ద్వారా నేర్చుకున్నారు.

ఎలిజబెత్ 1780 మే 21న ఇంగ్లండులోని నార్విచ్ పట్టణంలో, క్వేకర్ సమాజానికి చెందిన గర్నీ అనే సంపన్న కుటుంబంలో జన్మించారు. పన్నెండేళ్ళకే తల్లిని పోగొట్టుకున్నారు. 1798లో విలియం సేవరీ అనే అమెరికా దైవజనుని ప్రసంగం ఆమె హృదయాన్ని మార్చివేసింది. 1800లో జోసెఫ్ ఫ్రైని వివాహమాడి లండన్ చేరారు. ఆ దంపతులకు 11 మంది సంతానం.

1813లో ఆమె మొదటిసారి లండన్‌లోని న్యూగేట్ చెరసాలలో ప్రవేశించారు. సుమారు 300 మంది స్త్రీలు, వారి పసిబిడ్డలు ఇరుకు గదులలో కిక్కిరిసి ఉన్నారు. విచారణ జరగనివారు, ఉరిశిక్ష పడినవారు అందరూ ఒక్కచోటనే. పడక లేదు, పని లేదు, మార్చుకొనే బట్ట లేదు. నాడు ఆమె పసివారికి బట్టలిచ్చి వచ్చారు. కుటుంబ బాధ్యతల వలన మరల వెళ్ళడానికి మూడేళ్ళకు పైగా పట్టింది. ఈసారి ఆ తల్లుల సమ్మతితోనే పిల్లలకు బడి పెట్టారు. 1817లో తోటి స్త్రీలతో సంఘం ఏర్పరచి కుట్టుపని, చదువు, వాక్యపఠనం ప్రారంభించారు. ప్రతి నియమాన్నీ ఖైదీల ముందుంచి, వారు చేతులెత్తి అంగీకరించిన తరువాతనే అమలుపరచారు. వారిని మనుషులుగా గౌరవించడమే ఆ మార్పుకు మూలం.

ఆ కాలంలో ఇంగ్లండులో 200కు పైగా నేరాలకు శాసనం మరణశిక్షను విధించేది. గొర్రెను దొంగిలించినా ఉరి, దొంగనోటు చలామణి చేసినా ఉరి. 1797 తరువాత ఒకటి, రెండు పౌండ్ల కాగితపు నోట్లు విస్తారంగా వచ్చాయి. వాటిని నకలు చేయడం సులభం. తయారు చేసినవారు తప్పించుకునేవారు, మార్చిన పేదలు చిక్కేవారు.

అలా చిక్కినవారిలో హారియెట్ స్కెల్టన్ ఒకరు. భర్త ప్రోద్బలంతో ఆమె దొంగనోట్లు మార్చింది. చెరసాలలో ఆమె సత్ప్రవర్తన చూసిన ఎలిజబెత్ ఆమె ప్రాణం కోసం పెద్దల గడపలు తొక్కారు. హోంమంత్రి సిడ్‌మత్ ప్రభువును వేడుకున్నారు. శిక్షంటే భయం పోతుందని ఆయన కరాఖండిగా నిరాకరించారు. 1818 ఏప్రిల్‌లో హారియెట్‌ను ఉరితీశారు.

ఆ ఓటమి ఎలిజబెత్‌ను క్రుంగదీసినా ఆమె మౌనం వహించలేదు. ఉరి నేరాన్ని ఆపదనీ, చూసేవారి హృదయాన్ని కఠినపరచి ప్రాణం విలువను తగ్గిస్తుందనీ ఆమె నమ్మారు. పశ్చాత్తాపానికి దేవుడిచ్చే గడువును మనిషి త్రుంచివేయరాదని ఆమె జీవితం మనకు బోధిస్తుంది. ఆమె బావమరిది, పార్లమెంటు సభ్యుడైన ఫోవెల్ బక్స్‌టన్ వంటివారు చట్టసభలో పోరాడారు. 1823లో చెరసాలల చట్టం వచ్చింది. స్త్రీ ఖైదీలపై స్త్రీలే కాపలా ఉండాలన్నది అందులో ఒక నియమం. 1830లలో దొంగనోట్ల నేరానికి మరణశిక్ష రద్దయింది.

ఆమెకూ శ్రమలు తప్పలేదు. సొంత బిడ్డలను అలక్ష్యం చేస్తున్నదని లోకం నిందించింది. 1828లో భర్త బ్యాంకు దివాలా తీసింది. అయినా సేవ మానలేదు. 1845 అక్టోబరు 12న ప్రభువునందు నిద్రించారు. బ్రిటనులో హత్యానేరానికి ఉరిశిక్ష 1965లో నిలిచి, 1969లో శాశ్వతంగా రద్దయింది.

2002లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ తన ఐదు పౌండ్ల నోటుపై ఎలిజబెత్ ఫ్రై చిత్రాన్ని ముద్రించింది. 2017 వరకు ఆ నోటు చలామణిలో ఉంది. ఒకనాడు ఆ బ్యాంకు నోటుకు నకలు మార్చినందుకు ఒక అబలను ఉరితీశారు. ఆమె ప్రాణం కోసం ప్రాధేయపడి, రిక్తహస్తాలతో తిరిగివచ్చిన స్త్రీ ముఖమే ఆ నోటుపైకెక్కింది. నేడు మన పొరుగునే ఉన్న చెరసాల గోడల వెనుక ఎవరున్నారో మనం ఎరుగుదుమా? నూరేళ్ళ పండుగ చేసుకొంటున్న మన సంఘాలు ఈ ప్రశ్నను ప్రార్థనాపూర్వకంగా ఆలోచించును గాక.